దత్తకటకం: ఒక 35 మిల్లీమీటర్ల చరిత్ర

మా దేవనకొండ ఉన్న సీమను రెండు శతాబ్దాల నాటి దస్తావేజుల్లో దత్తమండలాలు అన్నారు. 1800లో హైదరాబాదు నిజాం, తనకు రక్షణగా నిలిపిన కంపెనీ సైన్యపు ఖర్చుకు బదులుగా, తుంగభద్రకు దక్షిణాన ఉన్న జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ఆదోని, పత్తికొండ ప్రాంతాలు ఆ పద్దులోనే చేతులు మారాయి. కొత్త యజమానుల తరఫున 1800 నుంచి 1807 వరకు ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో, తరువాత మద్రాసు గవర్నరై, 1827లో మా పక్కనున్న పత్తికొండలోనే కలరా సోకి కన్నుమూశాడు. బాకీ కింద జమకట్టిన నేల అన్న అర్థం ఆ పాత పేరుకు అంటుకునే ఉండేది. అది నచ్చకనే మనవాళ్లు 1928 నాటి నంద్యాల సభల్లో రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు.

కెమెరా లెన్సు గురించిన వ్యాసానికి ఈ ఉపోద్ఘాతం ఎందుకని చదువరులు అడగవచ్చు. ఫిల్ము వాడే రేంజ్‌ఫైండర్ కెమెరాకు, నా స్తోమతుకు తగిన, కాస్త విశాలంగా చూసే లెన్సు ఏదని వెదికితే, అందుబాటు ధరలో కనిపించినది కూడా ఒక దత్తవస్తువే కావడం ఇందుకు కారణం. అది ఒక దేశంలో పుట్టింది, యుద్ధ పరిహారం పద్దులో మరొక దేశానికి చేరింది, అక్కడ కొత్త పేరు పెట్టించుకుంది. చవకైన వస్తువు ఎందుకు చవకైందో తెలుసుకోకుండా కొనడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ వెదుకులాటలో తేలిన చరిత్రే ఈ టపా.

ముందు కెమెరా సంగతి. నా వద్ద ఉన్నది జోర్కీ-4. మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ కర్మాగారంలో 1956 నుంచి 1973 వరకు తయారైన రకం. రేంజ్‌ఫైండర్ కెమెరా ముఖాన కొంత ఎడంగా రెండు చిన్న కిటికీలు ఉంటాయి. వెనక నుంచి చూస్తే ఆ రెండింటి బింబాలూ ఒకదానిపై ఒకటి పడతాయి. లెన్సును తిప్పుతూ ఆ రెండూ ఏకమయ్యేలా చేస్తే దూరం కుదిరినట్లే. మన చూపు లెన్సులోంచి కాక పక్కనున్న కిటికీలోంచి పోతుంది కనుక, ఎస్సెల్లార్ కెమెరాల్లో మాదిరిగా లెన్సుకూ ఫిల్ముకూ మధ్య అద్దం అక్కర్లేదు. ఆ అద్దం లేకపోవడం ఎంత పెద్ద సదుపాయమో కొంచెం ముందుకు వెళ్లాక తెలుస్తుంది.

ఇక లెన్సు. తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి కటకమూ దాని నాభ్యంతరమూ గుర్తుండే ఉంటాయి. 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు గల ఫిల్ము చట్రంలో ఎంత దృశ్యం ఇముడుతుందో నిర్ణయించేది ఆ నాభ్యంతరమే. లెక్క చాలా సులువు. 35 మి.మీ. లెన్సుతో పది అడుగుల దూరంలో నిలబడితే, అక్కడ ఇంచుమించు పది అడుగుల వెడల్పు పడుతుంది. ఎంత దూరమో అంత వెడల్పు అన్నమాట. అదే చోట 50 మి.మీ. లెన్సుతో ఏడడుగులే పడుతుంది. 28 మి.మీ. అయితే దాదాపు పదమూడు. కెమెరాతో సాధారణంగా వచ్చేది 50. కాబట్టి మనకు కావలసిన మధ్యరకపు విశాలత 35 దగ్గర గాని, 28 దగ్గర గాని ఉంది.

ఈ రెండు మూడు అడుగుల తేడా ఎవరికి కావాలి? ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో ఫోటో తీయదలచినవాడికి కావాలి. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం వల్ల ఆ ఊరి పేరు దూరదూరాలకు పోయింది. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గుంట మగ్గం మీద నేతగాడు నేలలోకి కాళ్లు దించి కూర్చుంటాడు. ఎదుట పడుగు సాగి ఉంటుంది. మగ్గమే గదిని దాదాపు నింపేస్తుంది. తీసేవాడు గోడకు వీపు ఆనించినా వెనక్కి జరగడానికి చోటుండదు. 50తో తీస్తే ముఖమైనా దొరుకుతుంది, మగ్గమైనా దొరుకుతుంది, రెండూ దొరకవు. 35తో మనిషి, మగ్గం, తలుపులోంచి పడే వెలుతురు, గోడకున్న దేవుడి పటం ఒకే చట్రంలోకి వస్తాయి.

ఇది సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు. 1876-78 నాటి దక్షిణాది కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను ఊడ్చిపెట్టింది. ఆ కరువు రోజుల్లో మద్రాసు సైన్యాధికారి విలోబీ వాలెస్ హూపర్ తీసిన ఫోటోలు ఇప్పటికీ పుస్తకాల్లో కనిపిస్తాయి. ఎముకల గూళ్లయిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన బొమ్మలవి. వాటిలో ఎక్కువభాగం మనుషులున్నారు గాని వారి ఊరు లేదు, ఇల్లు లేదు, చేసే పని లేదు. మనుషులను వారి చోటు నుంచి వేరుచేసి చూపించే ఆ అలవాటు మన సీమను నేటికీ వదలలేదు. పత్రికల్లో రాయలసీమ అంటే నెర్రెలు విచ్చిన నేల, కాదంటే ముడతలు పడ్డ ఒక ముసలి ముఖం. తొలకరి పడ్డాక జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వంగి వజ్రాలు వెదికే జనాన్ని తీయాలంటే వంగిన మనిషీ కావాలి, అతని చుట్టూ ఉన్న ఆ తడిసిన చేనూ కావాలి. ఆ రెంటినీ కలిపి చూపే లెన్సు నాకు కావాలి. లెన్సు తనంతట తాను న్యాయం చేయదు. కానీ చోటు లేని లెన్సుతో న్యాయం చేయాలన్నా కుదరదు.

అలాగైతే ఇంకా విశాలమైన 28 ఎందుకు కాదు? దానితో చట్రం అంచున పడ్డ ముఖాలు మరింత సాగుతాయి. దగ్గరి వస్తువు మరీ పెద్దదై, దూరపుది మరీ చిన్నదవుతుంది. పాత రేంజ్‌ఫైండర్లలో 28కి తగిన గీతలున్న కిటికీ కూడా అరుదు. 35 అంత హడావిడి చేయదు, మనిషి మనిషిలాగే ఉంటాడు.

ఇక ఈ 35 పుట్టుక. జర్మనీలోని వెట్జ్‌లర్‌లో లైట్జ్ సంస్థలో పనిచేసిన ఆస్కార్ బార్నాక్, సినిమా ఫిల్ముతో నడిచే చిన్న కెమెరాను 1914 నాటికే చేసి చూశాడు. అదే 1925లో లైకా పేరుతో లైప్‌జిగ్ సంతలో బయటికి వచ్చింది. దానికి 50 మి.మీ. లెన్సు బిగించి ఉండేది. 1930లో లెన్సులు మార్చుకునే వీలు కల్పించినప్పుడు, 35 మి.మీ. ఎల్మార్ కూడా వచ్చింది. నాలుగు గాజు పలకలు, ఎఫ్/3.5 ద్వారం, అరచేతిలో దాగేంత పరిమాణం. 39 మిల్లీమీటర్ల మరతో అది కెమెరాకు బిగుస్తుంది. ఈ మర తరువాత రష్యా, జపానులకు పాకి, దాదాపు అందరి సొత్తయింది. నేటికీ పేదవాడి ఎంపికకు ఆ మరే ఆధారం.

లైకాకు పోటీగా జైస్ ఇకాన్ 1932లో కాంటాక్స్ తెచ్చింది. దానికోసం జైస్‌లో లుడ్విగ్ బెర్టెలె అనే గణకుడు 1930ల నడుమ 35 మి.మీ. బియోగాన్ రూపొందించాడు. ఆరు పలకలు, ఎఫ్/2.8 ద్వారం. అంతకు ముందరి లెన్సుల కంటే ఎక్కువ వెలుగు, అంచులదాకా స్పష్టత. దీని విశేషం వెనక పలకలో ఉంది. అది కెమెరా లోపలికి బాగా చొచ్చుకుపోయి ఫిల్ముకు అతి చేరువగా నిలుస్తుంది. అద్దం ఉన్న కెమెరాలో ఇది అసాధ్యం, అద్దానికి తగులుతుంది. అందుకే ఎస్సెల్లార్‌ల కోసం ఫ్రాన్సులో ఆంజెన్యూ 1950లో వేరే పద్ధతి కనిపెట్టవలసి వచ్చింది. ఆ పద్ధతిలో లెన్సు పొడవు పెరిగింది, బరువూ పెరిగింది. రేంజ్‌ఫైండర్‌కు ఆ బెడద లేదు. చిన్న లెన్సుతో, తక్కువ గాజుతో పెద్ద పని అవుతుంది. తక్కువ ఖర్చులో మంచి 35 దొరకడానికి మొదటి కారణం ఈ నిర్మాణ సౌలభ్యమే.

రెండవ కారణం యుద్ధం. 1945 ఏప్రిల్‌లో జైస్ లెన్సుల ఊరైన యేనాకు ముందు అమెరికన్ సేనలు చేరాయి. ఒప్పందం ప్రకారం ఆ ఊరిని సోవియట్లకు అప్పగించి వెళ్లిపోతూ, ఎనభై మందికి పైగా నిపుణులను తమ వెంట పడమటికి తీసుకుపోయాయి. మిగిలినదానిపై సోవియట్లు చేయి వేశారు. యుద్ధంలో తాము పోగొట్టుకున్నదానికి పరిహారంగా యంత్రాలను, అచ్చులను, నమూనాలను విప్పి రైళ్లకెక్కించారు. 1946 అక్టోబరు 22న సోవియట్ మండలమంతటా ఒకేసారి ఎందరో నిపుణులను కుటుంబాలతో సహా రైళ్లెక్కించి తూర్పుకు తరలించారు. యేనా వారూ అందులో ఉన్నారు. వారి ఇష్టాయిష్టాలు ఎవరూ అడగలేదు. కాంటాక్స్ కెమెరా కీవ్ నగరపు ఆర్సెనల్ కర్మాగారంలో కీవ్ అన్న పేరుతో మళ్లీ పుట్టింది. బియోగాన్ క్రాస్నోగోర్స్క్ చేరింది. మొదట తెచ్చిన జర్మన్ గాజుతోనే చేశారు. ఆ నిల్వ తరిగాక సోవియట్ గాజుకు తగినట్లు లెక్కలు మార్చారు. 1950 ప్రాంతంలో దానికి జూపిటర్-12 అని పేరు పెట్టారు. కాంటాక్స్ బిగింపుతోనూ, లైకా మరతోనూ దశాబ్దాల పాటు లెక్కలేనన్ని తయారయ్యాయి. దత్తమండలం రాయలసీమ అయినట్లు బియోగాన్ జూపిటర్ అయింది. తేడా ఒక్కటే. మన పేరు మనం పెట్టుకున్నాం, దాని పేరు తీసుకుపోయినవారు పెట్టారు.

సోవియట్ రేంజ్‌ఫైండర్ల మొదలు మాత్రం వేరే కథ. 1934లో ఖార్కోవ్‌లో అనాథ బాలల కమ్యూనులో లైకాను చూసి చేసిన ఫెడ్ కెమెరాతో అది మొదలవుతుంది. ఆ కమ్యూనును నడిపినవాడు ఆంటన్ మకరెంకో. సోవియట్ పుస్తకాలతో పెరిగిన మన తరానికి ఆ పేరు కొత్త కాదు. ఆ ఫెడ్ సంతతిదే నా జోర్కీ.

మూడవ కారణం జపాను. ఓడిన జర్మనీ పేటెంట్లకు రక్షణ పోవడంతో, ఎవరైనా ఆ నమూనాలను అనుసరించగలిగారు. డాలర్ల కోసం అల్లాడుతున్న జపానులో నిప్పన్ కొగాకు, కెనాన్ సంస్థలు లెన్సుల మీద దృష్టి పెట్టాయి. 1950లో లైఫ్ పత్రిక ఫోటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో నిక్కోర్ లెన్సులను పరీక్షించి, కొరియా యుద్ధంలో వాటితోనే ఫోటోలు తీశాడు. ఆ ఏడాది చివరికే ఆ లెన్సుల సంగతి అమెరికా పత్రికలకెక్కింది. 1950లలోనే కెనాన్ ఎఫ్/3.5, ఎఫ్/2.8, ఎఫ్/1.8 ద్వారాలతో వరుసగా 35 మి.మీ. లెన్సులు తెచ్చింది. అన్నీ ఆ 39 మి.మీ. మరతోనే.

అసలు లైకా వారే 35ను సామాన్యుడి వైపు నెట్టడం మరొక ముచ్చట. 1954లో వచ్చిన ఘనమైన ఎం3లో 50, 90, 135లకే గీతలున్నాయి. 35 వాడాలంటే లెన్సుకు కళ్లద్దాల వంటి అదనపు సామగ్రి తగిలించాలి. కొన్నేళ్లకు తక్కువ ధరలో తెచ్చిన ఎం2లోనే 35కి గీతలు గీశారు. తరువాత 1959లో నికాన్ ఎఫ్ వచ్చి ఎస్సెల్లార్‌ల కాలం మొదలయ్యాక, రేంజ్‌ఫైండర్ లెన్సులు మెల్లగా పాత సామాను కింద జమయ్యాయి. 1999లో జపానులోని కొసీనా, 1756 నాటి వియన్నా సంస్థ ఫోక్ట్‌లాండర్ పేరు తీసుకుని, బెస్సా కెమెరాలనూ కొత్త లెన్సులనూ తెచ్చేదాకా ఆ స్థితి మారలేదు. బెస్సాలు 2015లో ఆగిపోయాయి గాని లెన్సులు ఆగలేదు.

మన దేశంలో ఈ ధారలేవీ సూటిగా రాలేదు. 1947 నాటి దిగుమతుల నియంత్రణ చట్టంతో మొదలై 1991 సంస్కరణల దాకా, విదేశీ కెమెరా అంటే లైసెన్సు, సుంకం, లేదా గల్ఫు నుంచి వచ్చే బంధువు పెట్టె. ఫిల్ము కూడా మనమే చేసుకోవాలని 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ పెట్టారు, ఇందు అన్న పేరుతో అమ్మారు. 1953 ఒప్పందం తరువాత రష్యా సరుకు రూపాయల్లోనే కొనే వీలు వచ్చింది. విశాలాంధ్ర వారి దుకాణాల్లో దొరికిన ఆ అట్ట పుస్తకాలు ఎంత చవకో, ఎంత గట్టివో మనలో చాలామందికి గుర్తే. జూపిటర్ లెన్సు చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఆ పుస్తకాలే. మెరుగు తక్కువ, సరుకు ఎక్కువ.

ఇప్పుడు ఎంపిక. ధరను బట్టి పేర్చితే అడుగు మెట్టు మీద జూపిటర్-12 ఉంటుంది. దానిపైన కెనాన్ ఎఫ్/2.8. ఆపైన కొసీనా వారి కలర్-స్కోపార్ ఎఫ్/2.5. ఇంకా పైన నిక్కోర్లు, కొత్త జైస్‌లు, లైట్జ్ సుమ్మరాన్. శిఖరాన లైకా సుమ్మిక్రాన్. చైనా సంస్థల కొత్త 35లు కూడా చవకే గాని, అవి ఎక్కువగా లైకా ఎం బిగింపుతో వస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. మర లెన్సును సన్నని ఉంగరంతో ఎం కెమెరాకు పెట్టవచ్చు, ఎం లెన్సును మర కెమెరాకు పెట్టలేం. మర కెమెరాలో లెన్సు బిగింపు నుంచి ఫిల్ముకు 28.8 మి.మీ. దూరం, ఎంలో 27.8. ఆ ఒక్క మిల్లీమీటరు చోటే ఉంగరానిది. కాబట్టి మర లెన్సు కొన్నవాడికి రేపు కెమెరా మారినా లెన్సు మిగులుతుంది.

నేను జూపిటర్-12నే ఎంచుకున్నాను. నా జోర్కీకి అది సొంత ఇంటి లెన్సు. వెనక పలక లోపలికి చొచ్చుకుపోతుంది కనుక కొన్ని ఇతర కెమెరాల్లో అది పట్టదు, ఈ సంగతి కొనేముందే చూసుకోవాలి. సోవియట్ లెన్సులకూ లైకా కొలతకూ ఉన్న స్వల్ప భేదం 50, 85 లెన్సుల్లో ఇబ్బంది పెడుతుంది గాని, 35లో దృశ్యపు లోతు ఎక్కువ కనుక చాలావరకు కప్పబడుతుంది. ఎఫ్/8 దగ్గర పెట్టి అయిదు మీటర్లకు కుదిరిస్తే, రెండున్నర మీటర్ల నుంచి కనుచూపు మేరదాకా స్పష్టంగానే ఉంటుంది. ఆదోని పత్తి సంతలో తిరిగేటప్పుడు ఇక దాన్ని ముట్టుకోనక్కర్లేదు. మగ్గాల గదిలో 400 వేగపు ఫిల్ముతో, ఎఫ్/2.8 తెరిచి, సెకనులో ముప్పయ్యో వంతు పెడితే తలుపు వెలుతురే సరిపోతుంది. ముందు పలక లోతుగా ఉండడం వల్ల అంచే గొడుగులా పనిచేస్తుంది. ద్వారం మార్చే వలయం ఆ లోతులోనే ఉంది, వేళ్లు దూర్చి తిప్పాలి, అది చిరాకే.

ధర లెక్కలో మరవకూడనిది ఒకటుంది. జోర్కీ కిటికీ 50కే సరిపోతుంది, 35కి పైన తగిలించే వేరే వ్యూఫైండర్ కావాలి. దాని ఖరీదు, తపాలా, సుంకం కలిపితేనే అసలు ధర. వాడిన లెన్సు కొనేటప్పుడు టార్చి వెలుగులో గాజు లోపల మంచు పట్టినట్లుందేమో, బూజు దారాలున్నాయేమో చూడాలి. వెనక పలక బయటికి పొడుచుకు వస్తుంది కనుక గీతలు పడేది అక్కడే. జిగురెక్కిన గ్రీజును బాగుచేయించవచ్చు, గీతలను బాగుచేయించలేం.

ఈ లెన్సులు, కెమెరాలు పుట్టిన ఖార్కోవ్, కీవ్ నగరాల మీద 2022 నుంచి మళ్లీ బాంబులు పడ్డాయి. అటు నుంచి పాత లెన్సులు శుభ్రం చేసి పంపే చిన్న వర్తకులు ఎందరో ఉండేవారు. చవకగా దొరికిన వస్తువు ఖరీదును ఎక్కడో ఎవరో ముందే చెల్లించి ఉంటారన్నది దత్తమండలంలో పుట్టినవారికి ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఎరుకతోనే వాడదామని నా ఉద్దేశం.

ఒక్క మనవి. మీ ఇళ్లలో అటకల మీద గల్ఫు పెట్టెల్లోనో రష్యా వెళ్లొచ్చిన పెద్దల సామానులోనో పాత కెమెరా ఏదైనా ఉంటే, పారేసే ముందు లెన్సు విప్పి చూడండి. అది మర తిరిగి ఊడివస్తే, ముఖాన 3,5 సెంటీమీటర్లని గాని 35 అని గాని అంకె ఉంటే, అది ఇంకా పనికొస్తుంది. దానికి తగిన గది ఒకటి మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది.